తాండూరు చేలో రావుగారి లెక్క

వికారాబాద్ పక్కన దామగుండం అడవిలో నౌకాదళ రేడియో సమాచార కేంద్రానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. అప్పటి వాదంలో ఒక ప్రశ్న పదేపదే వినిపించింది: ఎన్ని చెట్లు పోతాయి? చెప్పిన అంకెను నమ్మినవాళ్లూ నమ్మనివాళ్లూ లెక్కపెట్టింది చెట్లనే. మోదుగ, తునికి, సీతాఫలం కలగలిసి పెరిగిన చోట అన్నే యూకలిప్టస్ మొక్కలు నాటినా ఆ లెక్క ఏమీ అనదు, సరిపోయిందంటుంది.

ఎన్ని ఉన్నాయో కాక ఎంత వేరువేరుగా ఉన్నాయో అంకెలోకి తెచ్చినవాడు ఒక తెలుగువాడు, కల్యంపూడి రాధాకృష్ణారావు. 1920లో హడగళిలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం, కలకత్తాలో సంఖ్యాశాస్త్రం చదివి, 2023లో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ప్రపంచం ఆయన ఇంటిపేరునీ రాధాకృష్ణుడినీ వదిలేసి చివరి ‘రావు’నే పట్టుకుంది. మన ఊళ్లో వీధిలో నిలబడి ‘రావుగారూ’ అని పిలిస్తే ఎంతమంది పలుకుతారో పాపం దానికి తెలియదు.

1982లో ఆయన ఒక పత్రంలో చెప్పిన ‘క్వాడ్రాటిక్ ఎంట్రోపీ’ పేరు వింటే భయమేస్తుంది గానీ, తాండూరు చేను గట్టున నిలబడితే తేలికే. ఒక రైతు కంది, పెసర, మినుము వేశాడు. పక్క చేలో కంది, జొన్న, పత్తి. రెండు చోట్లా మూడూ సమపాళ్లే. పంటలు లెక్కపెడితే ఇద్దరూ సమానం. కానీ మొదటి చేలో మూడూ పప్పుజాతివే, అన్నదమ్ముల బిడ్డలు. రెండో చేలో జొన్నది గడ్డిజాతి, పత్తేమో బెండకు చుట్టం. కళ్లు మూసుకుని రెండు మొక్కలు పీకితే వాటి మధ్య సగటున ఎంత తేడా ఉంటుందన్నదే రావుగారి కొలత. ఈ కొలతకు రెండో చేనే పైచేయి.

దీన్నే పండితుల మీద పెట్టి చూద్దాం. మన కళాశాలల్లో పదోన్నతికి పత్రాల లెక్క కావాలి. 2010లో యూజీసీ తెచ్చిన ఏపీఐ (అధ్యాపకుల పనితీరు సూచిక) మార్కులతో ఆ వేట ముదిరింది; డబ్బు కడితే అచ్చేసే పత్రికలు పుట్టగొడుగుల్లా లేచాయి. దాని పక్కన సైటేషన్లు, హెచ్-ఇండెక్స్. కనీసం 20 సార్లు చొప్పున ఇతరులు ఉదహరించిన పత్రాలు మీవి 20 ఉంటే మీ హెచ్-ఇండెక్స్ 20. భౌతిక శాస్త్రవేత్త హిర్ష్ 2005లో చెప్పిన సూత్రమిది. ఆ సైటేషన్లు పక్క గది మిత్రులవా, పరాయి శాస్త్రానివా అని అది అడగదు. అది పంటల సంఖ్య, అంతే.

రావుగారి సొంత పత్రాల ప్రయాణమే చూడండి. పరీక్షల్లో కనిపించే మార్కుల వెనుక దాగిన సామర్థ్యాలు ఎన్ని అని మనస్తత్వ శాస్త్రవేత్తలు తర్జనభర్జన పడుతున్న కాలంలో, 1955లో, వాళ్ల పత్రిక ‘సైకోమెట్రికా’లోనే కారకాల విశ్లేషణ మీద రాశారు. 1982 పత్రానిది మరో దారి. జీవావరణ శాస్త్రంలో మొక్కల గుణాల వైవిధ్యానికి అది సరైన కొలబద్ద అని హంగరీ శాస్త్రవేత్త బొట్టా-డుకాట్ వాదించింది 2005లో. అంటే 23 ఏళ్లు. పత్రికల స్థాయికి గుర్తుగా వాడే జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ వెనక్కి తిరిగి చూసేది రెండేళ్లు! ఆ కిటికీలోంచి చూసిన కమిటీకి ఈ పత్రం ఏం కనిపిస్తుంది?

ఇందులో ఒక తమాషా ఉంది. ఒక పరిశోధన ఎన్ని శాస్త్రాల మీదుగా, ఎంత దూరం సాగిందో కొలవడానికి ఇప్పుడు వాడుతున్న సూచిక పేరు ‘రావ్-స్టర్లింగ్’. 2007లో ఆండీ స్టర్లింగ్ రావుగారి వైవిధ్య సూత్రాన్నే విస్తరించాడు. దీని లెక్కలో మనస్తత్వ శాస్త్రానికీ జీవావరణ శాస్త్రానికీ మధ్య దూరం ఎక్కువ, రెండు మనస్తత్వ పత్రికల మధ్య తక్కువ. అడవిని కొలిచిన త్రాసులోనే పండితుణ్ణీ తూచవచ్చు. మన దరఖాస్తు ఫారాల్లో ఆ గడి ఎందుకు లేదన్నదే నా ఫిర్యాదు.

అలాగని ఇది సర్వరోగ నివారిణి కాదు. శాస్త్రాల మధ్య దూరాన్ని సాధారణంగా సైటేషన్ల డేటాబేసుల నుంచే గణిస్తారు. డేటాబేసులో లేనిది ఈ త్రాసుకూ లేనట్టే. తాండూరు కందినే చూడండి: 2022లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడి వ్యవసాయ పరిశోధన స్థానంలో ఏళ్లతరబడి కంది మీదే పనిచేసినవాళ్ల ఫలితం విత్తనమై చేలోకి వెళ్తుంది. రైతు ఆ విత్తనం చల్లుతాడు, నచ్చితే మరుసటి ఏడు పక్క ఊరి బావమరిదికీ ఇస్తాడు. దాన్ని ఏ ఫుట్‌నోట్‌లోనూ రాయడు.