ఓడకు దీపం, ఊరికి మైకు
తుపాను వస్తోందంటే మన రేవుల్లో పగలు శంకువులు, రాత్రి ఎర్ర, తెల్ల దీపాలు స్తంభానికి వేలాడదీస్తారు. పేపర్లలో చదివే ‘పదో నంబరు ప్రమాద సూచిక’ ఆ బాపతే. నడి సముద్రంలో ఓడకు మన కేక వినపడదని ఎవరో ఏనాడో ఆలోచించారన్నమాట! అదే తీరాన చెవులు వినపడని మనిషికి మాత్రం ఆటోలో మైకు పంపుతాం. ఫోన్ ఉందిగా అంటారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు కరెంటూ పోయింది, సిగ్నలూ పోయింది. మా పెదనాన్న వినికిడి మిషన్ తీసి డబ్బాలో పెట్టి గానీ పడుకోరు. ఆ వేళ ఆయనకు కావలసింది యాప్ కాదు, తలుపు తోసుకొచ్చి భుజం తట్టే మనిషి. ఎవరికి వినపడదో, ఏ గదిలో పడుకుంటారో రాసుకోవడానికి ఊరి జాబితాలో ఒక్క గడి చాలు.