అయ్యగారూ, సవరము పెట్టుకోవచ్చునా?



శ్రమకాలపు మూడవ ఆదివారము ఆరాధన ముగిసి అందరూ వెళ్లిపోయినా ఒక తల్లి మందిరపు గుమ్మము దగ్గరే నిలబడిపోయింది. గీసుగొండ వైపు నుండి ప్రతి వారము ఆటోలో వచ్చే కుటుంబము వారిది. కూతురు ఆమె వెనుక తల మీద కొంగు కప్పుకొని నిలుచున్నది. ఈస్టర్ దాటిన వారములోనే ఆ పిల్లకు పెండ్లి.

"అయ్యగారూ, పిల్ల ఎంటికలన్నీ ఊడిపోయినయి. ప్రధానం నాడు వాళ్ల అత్త జడ పట్టుకొని మురిసిపోయింది. ఇప్పుడు జూస్తే ఏమంటదో. చౌరస్తల దుకాణంల క్లిప్పుల సవరం జూసినం. పెట్టుకుంటే పాపమా అయ్యగారూ?" అన్నది.

సెప్టెంబరులో ప్రధానము జరిగింది. అక్టోబరులో పిల్లకు డెంగ్యూ జ్వరము వచ్చింది. క్రిస్మస్ నాటికి దువ్వెన పెడితే చాలు, గుప్పెడు వెంట్రుకలు రాసాగాయి. మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. చెప్పలేకపోవుటకు ఒక కారణమున్నది. అది మా తప్పే గనుక ముందుగా దానినే ఒప్పుకొందుము.

కొన్నేండ్ల క్రిందట స్త్రీల కూడికలో మేము అలంకరణను గూర్చి ప్రసంగించాము. థియాలజీ చదువుకొన్న రోజులలో విన్న ఒక సంగతిని అందులో వాడుకొన్నాము. రెండవ శతాబ్దము చివరి రోజులలో అలెగ్జాండ్రియా పట్టణములో క్లెమెంటు అనే సంఘ బోధకుడు ఉండేవాడు. పరాయి వెంట్రుకలు పెట్టుకొన్న స్త్రీ తల మీద సంఘ పెద్ద చెయ్యి ఉంచి ఆశీర్వదిస్తే, ఆ ఆశీర్వాదము ఎవరికి చెందుతుందని ఆయన తన గ్రంథములో ప్రశ్నించాడు. ఆమెకు కాదు, ఆ వెంట్రుకలు ఎవరివో వారి తలకే చెందుతుందని ఆయన తాత్పర్యము. మేము దీనిని కొంచెము నటించి చెప్పాము. అందరూ నవ్వారు. ఒక సహోదరి మాత్రము నవ్వలేదు. ఆ తరువాత నాలుగు నెలలు ఆమె మందిరానికి రాలేదు. రొమ్ము క్యాన్సరుకు మందులు ఎక్కించుకొని జుట్టంతా పోగా, ఆ దినము ఆమె విగ్గు పెట్టుకొని వచ్చిందని మా సతీమణి చెప్పిన తరువాతనే మాకు తెలిసింది. మేము వాళ్ల ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాము. ఆమె క్షమించింది. అయినను ఆ నాలుగు నెలలు తిరిగి వచ్చునవి కావు గదా!

కాబట్టి ఈసారి తొందరపడలేదు. ఆ తల్లీకూతుళ్లను కూర్చోబెట్టి, మా సతీమణిని కూడా పిలిచి, నెమ్మదిగా మాటలాడుకొన్నాము.

సవరము మనకు కొత్తది కాదు. మన నాయనమ్మలు, అమ్మమ్మలు దువ్వెనకు వచ్చిన వెంట్రుకలను పారవేయక, చుట్ట చుట్టి గోడ సందులోనో చూరులోనో దాచేవారు. పూసలవాళ్లు ఊరిలోనికి వచ్చినప్పుడు వాటిని ఇచ్చి పిన్నీసులు, దువ్వెనలు తీసుకొనేవారు. తరువాత స్టీలు గిన్నెలు వచ్చాయి. ఇప్పుడు బండి మీద మైకు పెట్టుకొని వచ్చి కొంటున్నారు. కొందరు తమ వెంట్రుకలతోనే సవరము కట్టించుకొనేవారు. ఒక కొనను దారముతో బిగించిన ఆ సవరాన్ని జడలో కలిపి అల్లితే సన్నని జడ బారెడయ్యేది. దానిని చూసి ఏ పాదిరిగారూ సంఘములో నుండి వెలివేసినట్లు మేము వినలేదు.

ఇప్పుడు దుకాణాలలో అమ్ముచున్నది పట్టీల సవరము. వెంట్రుకలను అడ్డముగా ఒక పట్టీకి కుట్టి, దానికి రెండు మూడు చిన్న క్లిప్పులు పెడతారు. మన ఆడపిల్లలు టిక్‌టాక్ పిన్నులంటారే, అటువంటివి. తల మీది పాయను పైకెత్తి, కుదుళ్ల దగ్గర క్లిప్పు నొక్కి, ఆ పాయను మరల పైన కప్పుతారు. పెట్టుకొనుటకు పది నిమిషాలు, తీయుటకు రెండు నిమిషాలు. ప్లాస్టిక్ దారముతో చేసినది కొన్ని వందలకు దొరుకుతుంది, మనిషి వెంట్రుకలదైతే వేలలో ఉంటుంది.

ఇక లేఖనమేమి చెప్పుచున్నది? పేతురు మొదటి పత్రిక మూడవ అధ్యాయము మూడవ వచనములో జడలు అల్లుకొనుట, బంగారము పెట్టుకొనుట, వస్త్రములు ధరించుట, ఈ మూడూ ఒకే వరుసలో ఉన్నవి. వస్త్రములు మానుమని అపొస్తలుని భావము కాదని చిన్నపిల్లలకైనా తెలుసు. మనిషి విలువ అక్కడ లేదని ఆయన బోధ. పౌలుగారు తిమోతికి వ్రాసినప్పుడు జడలతోపాటు బంగారమును, ముత్యములను, మిగుల వెలగల వస్త్రములను కలిపి చెప్పారు. ఆ కాలపు ధనవంతుల ఇంటి స్త్రీలు దాసీల చేత గంటల తరబడి తల దువ్వించుకొని, కొప్పులను గోపురములవలె ఎత్తుగా కట్టించుకొనేవారు. పక్కన చినిగిన బట్టతో కూర్చున్న విశ్వాసురాలికి అది ఎట్లుండునో ఆలోచించుడి. మన పెండ్లిండ్లలో అప్పు చేసి చేయించే అలంకారాలకు ఆ హెచ్చరిక తగిలినంతగా, జ్వరముతో జుట్టు పోయిన పిల్లకు తగలదని మా అభిప్రాయము.

ఇంకొక మాట. రోమా సామ్రాజ్యములో సుంకము కట్టవలసిన తూర్పుదేశపు సరుకుల జాబితా ఒకటి నేటికీ నిలిచియున్నది. అది క్లెమెంటు గారి కాలానికి దగ్గరదే. మిరియాలు, పట్టు, దంతములతోపాటు ఇండియా వెంట్రుకలు కూడ అందులో ఉన్నవి. తూర్పుదేశపు సరుకులో చాలా భాగము అలెగ్జాండ్రియా మీదుగానే పోయేది. ఆయన ఎవరి తలను గూర్చి అడిగాడో, ఆ తల మన దేశపు పేదరాలిది కావచ్చును!

ఈ మాట మేము చెప్పగానే పిల్ల నోరు విప్పింది. "అయ్యగారూ, దుకాణంల ఉన్నవి గుండు గీయించుకున్నోళ్ల ఎంటికలట గద, మొక్కువి. మనం పెట్టుకోవచ్చునా?" అన్నది. తల్లికంటె కూతురి ప్రశ్న లోతైనది.

తిరుమల కల్యాణకట్టలో సమర్పించిన తలనీలాలను దేవస్థానమువారు వేలము వేయుట అందరూ ఎరిగినదే. అవి శుభ్రము చేయబడి దేశదేశాలకు పోతాయి. 2004వ సంవత్సరము మే నెలలో యూదులకు ఇదే చిక్కు వచ్చింది. వారిలో నిష్ఠగల వివాహిత స్త్రీలు తమ జుట్టు కనబడకుండ విగ్గు ధరిస్తారు. ఆ విగ్గులలో తిరుమల వెంట్రుకలున్నవని తెలిసి, యెరూషలేములోని ఎల్యాషివ్ అనే పెద్ద రబ్బీ వాటిని వాడకూడదని తీర్పిచ్చాడు. యెరూషలేములోను, న్యూయార్కు బ్రూక్లిన్‌లోను స్త్రీలు వేల రూపాయలు పోసి కొన్న విగ్గులను వీధిలో కాల్చివేశారు.

మనకు పౌలుగారి మాట ఉన్నది. కొరింథులో విగ్రహములకు అర్పించిన మాంసము బజారులో అమ్ముతుంటే, విచారింపక కొని తినవచ్చునని, అయితే ఇది అర్పితమని ఎవరైన చెప్పి దానివలన అతని మనస్సాక్షి నొచ్చుకొంటే, అతని నిమిత్తము మానుకొమ్మని ఆయన వ్రాశారు. మొదటి కొరింథీయులకు ఎనిమిదవ, పదవ అధ్యాయములు ఇంట్లో కలిసి చదువుకొనండి. దుకాణములోని సవరము మీద అది ఏ ఊరి తలదో వ్రాసి ఉండదు. వెంట్రుక వెంట్రుకే. అయినా నీ మనస్సు నిన్ను గుచ్చుచుంటే పెట్టుకోవద్దు, ప్లాస్టిక్‌ది తీసుకో అని చెప్పాము. మన పొరుగువారు భక్తితో ఇచ్చిన దానిని మనము హేళన చేయరాదని కూడ చెప్పాము. వారి భక్తి వారిది. మొక్కు కాకుండ, ఇల్లు గడవక జుట్టు అమ్ముకొన్నవారి వెంట్రుకలు కూడ ఈ వ్యాపారములోనికి వస్తాయి. ఎక్కువ బాధపడవలసినది అక్కడ.

పాపమా కాదా అన్న ప్రశ్న ఇంతటితో ఒక కొలిక్కి వచ్చింది. మన బ్రతుకుకు అది కుదురుతుందా అన్నది వేరే ప్రశ్న. దీనిలో మా సతీమణియే మాకు బోధకురాలు.

మన ఆడవారు తలకు కొబ్బరినూనె రాస్తారు. నూనె తలకు ఈ క్లిప్పు నిలువదు, జారిపోతుంది. పెట్టుకొనే ముందు దినము తలంటు పోసుకొని ఆరబెట్టుకోవలెను. నూనె మాననివారికి జడలో అల్లే పాత సవరమే మేలు. నాట్లు వేయువారికి, పత్తి ఏరువారికి, తల మీద గంపయో మూటయో మోయువారికి ఇది పనికిరాదు. మూట బరువుకు క్లిప్పు మాడులో గుచ్చుకొంటుంది. కట్టెల పొయ్యి దగ్గర మరీ ప్రమాదము. ప్లాస్టిక్ వెంట్రుకలు వేడికి కరుగుతాయి, అంటుకొంటే చర్మానికి అతుక్కొంటాయి. వాటిని పెట్టుకొని వంట చేయవద్దు. రాత్రి తీసివేసియే పండుకొనవలెను. రోజూ ఒకే చోట బిగించి లాగుచుంటే ఉన్న వెంట్రుకలు కూడ కుదుళ్లతో వస్తాయి, కొందరికి అక్కడ మరల మొలవవు. పైనున్న జుట్టు మరీ పలుచనైతే క్లిప్పును కప్పుటకే చాలదు. క్యాన్సరు మందులతో జుట్టంతా పోయినవారికి క్లిప్పు పట్టుటకే ఆధారముండదు. వారికి విగ్గో, మెత్తని నూలు గుడ్డయో తగినది. పెండ్లి, పండుగ వంటి ఒకటి రెండు దినములకు మాత్రము ఇది బాగుగానే ఉంటుంది.

కొనక ముందు ఇంకొక పని చేయవలెను. జుట్టు ఎందుకు ఊడుచున్నదో తెలిసికోవలెను. గట్టి జ్వరము తరువాత రెండు మూడు నెలలకు జుట్టు రాలుట సహజము. కాన్పు అయిన మూడు నెలలకు కూడ రాలుతుంది. ఈ రెండింటిలోను సాధారణముగా అదే ఆగి, మరల మొలుస్తుంది. నెలకు సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది గనుక ఓపిక పట్టాలి. రోజుకు యాభై నుండి వంద వరకు ఊడుట అందరికీ ఉన్నదే. అయితే రక్తము తక్కువైనా, థైరాయిడు చెడినా జుట్టు రాలుతుంది. సవరము పెట్టి దానిని కప్పితే లోపలి జబ్బు ముదురుతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి రక్త పరీక్ష చేయించుకొనుడి. పేనుకొరుకుడువలె గుండ్రముగా ఊడితే ఆ చోట క్లిప్పు పెట్టక డాక్టరుకు చూపించాలి. ఈ పిల్లకు పరీక్షలో రక్తము తొమ్మిది అని వచ్చింది. ఐరన్ మాత్రలు మొదలుపెట్టారు. సవరముకంటె ముందు ఆమెకు కావలసినది అదే.

చివరకు అసలు చిక్కు మిగిలింది. వియ్యపురాలికి చెప్పవలెనా?

"చెప్తే పెండ్లి ఆగిపోతదేమో అయ్యగారూ" అని తల్లి కండ్లనీళ్లు పెట్టుకొన్నది. ఏనుమాముల మార్కెట్టుకు మిర్చి తోలిన డబ్బుతో చేయుచున్న పెండ్లి అది. ఆమె భయము మాకు అర్థమైంది. అయినా లాబాను ఇంట ముసుగు క్రింద జరిగిన దాని ఫలమును లేయా ఎన్ని ఏండ్లు అనుభవించిందో జ్ఞాపకము చేశాము. సవరము పెట్టుకొనుట మోసము కాదు, తెలియవలసినవారికి దాచుట మోసమగును. ఊరందరికి చెప్పనక్కరలేదు. పెండ్లికుమారుడు, అతని తల్లి, ఇద్దరికి చెబితే చాలును. వచ్చి చెప్పుటకు మేము సిద్ధమే గాని, పిల్ల తన నోటితో చెప్పుట మంచిదన్నాము. ఆమె ఆ సాయంత్రమే ఫోను చేసి పెండ్లికుమారునితో చెప్పింది. అతడు, "జ్వరం వచ్చినప్పుడే చెప్పినవు గద, ఎంటికలు పోతయని నాకు తెల్వదా?" అన్నాడట. అత్తగారు మాత్రము రెండు దినములు ఏమీ మాటలాడలేదు. ఆ రెండు దినములు ఈ ఇంటివారు అన్నము తిన్నది లేదు. మూడవ దినమున ఆమెయే బస్సెక్కి వచ్చి, పిల్ల తలను ఇటు అటు త్రిప్పి చూసి, మందారాకు నూనె కాచి ఇస్తానన్నది. దానితో జుట్టు మొలుచునో లేదో మేము చెప్పలేము గాని, ఆ నూనె సీసాను పిల్ల తన పెట్టెలో భద్రముగా పెట్టుకొన్నది.

పెండ్లి దినమున వధూవరులు మోకరించగా వారి తలల మీద చేతులుంచి ప్రార్థన చేశాము. తెల్లని ముసుగు క్రింద మా వేలికి క్లిప్పు తగిలింది. ప్రార్థన సాగించాము. ఎండ మండిపోవుచుండెను. మధ్యాహ్నము భోజనాలయ్యాక చూస్తే, పిల్ల సవరము తీసివేసి చిన్న పిలకజడతో కూర్చున్నది. అత్తగారు ప్రక్కన కూర్చుండి ఆ క్లిప్పుల పట్టీలను ఒక్కొక్కటిగా కాగితములో చుట్టుచున్నది.