దారిలో ఆగిన ముసాఫిర్

గత నవంబరు 25వ తేదీ, మంగళవారం. ఫజర్ నమాజు ముగించి మేము ఇంకా మస్జిదులోనే కూర్చుని ఉండగా గల్ఫ్ నుండి ఫోను వచ్చింది. మా మదరసాలో చదువుకున్న ఒక విద్యార్థి తండ్రి ఆయన. మరునాడు అసర్ తరువాత ఆయన కుమార్తె నికాహ్. రాత్రంతా విమానాశ్రయంలోనే గడిపారట. విమానం రద్దయింది, మరొకటి ఎప్పుడో తెలియదు. "హజ్రత్, ఆకాశంలో బూడిద ఉందంటున్నారు. ఎక్కడో ఆఫ్రికాలో కొండ పేలితే నా బిడ్డ పెళ్ళికి నేను రాకూడదా? ఇదంతా సాకు కాదా?" అని గద్గద స్వరంతో అడిగారు.

నిజం చెప్పవలసి వస్తే, ఆ క్షణాన మాకు కూడా అది సాకుగానే తోచింది. బూడిద అనగానే మన కళ్ళ ముందు మెదిలేది పొయ్యిలోని బూడిద. మన తల్లులు దానితో అంట్లు తోమేవారు. ఊదితే ఎగిరిపోయే ఆ పొడి అంత పెద్ద విమానాన్ని ఏం చేయగలదు? ఫోను పెట్టిన తరువాత విషయం తెలుసుకోగా, మా అజ్ఞానానికి మేమే సిగ్గుపడ్డాము.

అగ్నిపర్వతం వెదజల్లే బూడిద కాలిన కట్టెల బూడిద కాదు. అది పిండిలా నలిగిన రాయి, గాజు. నీటిలో కరగదు, అంచులు పదునుగా ఉంటాయి. జెట్ ఇంజను లోపలి వేడికి ఆ గాజు కరిగి, లోపలి రెక్కలకు అంటుకుని, మరల గట్టిపడి గాలి దారిని మూసివేస్తుంది. అప్పుడు ఇంజను ఆగిపోతుంది. ఆ రేణువులు విమానం ముందు అద్దాన్ని గరుకుకాగితంతో రుద్దినట్లు గీకివేస్తాయి. మబ్బును, వానను పసిగట్టే విమానపు రాడారు ఈ పొడి బూడిదను పసిగట్టలేదు. రాత్రివేళ పైలట్ కంటికి కూడా అది కనబడదు.

ఇది ఊహ కాదు, జరిగిన సంగతి. 1982 జూన్ 24 రాత్రి కౌలాలంపూర్ నుండి పెర్త్ వెళుతున్న ఒక బోయింగ్ 747 విమానం, జావా ద్వీపంలోని గాలుంగుంగ్ అగ్నిపర్వతపు బూడిదలో తెలియక ప్రవేశించింది. నాలుగు ఇంజన్లూ ఒకదాని వెంట ఒకటి ఆగిపోయాయి. 248 మంది ప్రయాణికులు, 15 మంది సిబ్బందితో ఆ విమానం ఇంజన్లు లేకుండానే వేల అడుగులు కిందికి జారింది. బూడిద నుండి బయటపడిన పిమ్మట ఇంజన్లు మరల అందుకున్నాయి. ముందు అద్దం మసకబారిపోగా పైలట్లు దారి సరిగా కనబడకుండానే జకార్తాలో దింపారు. అల్లాహ్ దయవల్ల అందరూ ప్రాణాలతో బయటపడ్డారు.

ఆ అనుభవం తరువాతనే బూడిద మేఘాలను కనిపెట్టి హెచ్చరించే ప్రత్యేక కేంద్రాలు ప్రపంచంలో ఏర్పడ్డాయి. నేడు అవి తొమ్మిది ఉన్నాయి.

2010 ఏప్రిల్ 14న ఐస్‌లాండ్‌లో ఎయ్యాఫ్యాత్లాయోకుత్ అనే హిమానీనదం కింద ఉన్న అగ్నిపర్వతం బద్దలైనప్పుడు ఈ జాగ్రత్తకు పెద్ద పరీక్ష ఎదురైంది. మంచు కరిగిన నీరు లావాను తాకగా అది మిక్కిలి సన్నని పొడిగా చిట్లి పైకి లేచింది. గాలి దానిని ఐరోపా వైపు మోసుకువచ్చింది. ఇంచుమించు ఆరు రోజుల పాటు ఐరోపాలో అధికభాగం విమానాలు నేలకే పరిమితమయ్యాయి. సుమారు లక్ష విమాన ప్రయాణాలు రద్దయి, కోటి మంది వరకు ఇబ్బందిపడ్డారు. పోలండ్ అధ్యక్షుడు లేక్ కచిన్‌స్కీ అంత్యక్రియలకు ఏప్రిల్ 18న రావలసిన పలువురు దేశాధినేతలు రాలేకపోయారు. అధికారం, ధనం ఏవీ దారి తెరువలేదు.

అయితే ఆ నష్టపు బరువు అందరిపై సమానంగా పడలేదు. కెన్యాలో పూలు, కూరగాయలు పండించి విమానాలలో ఐరోపాకు పంపే తోటలు ఉన్నాయి. అక్కడి ఆకాశంలో బూడిద లేదు. కాని సరుకు వెళ్ళే దారి మూసుకుపోగా పూలు వాడిపోయాయి, కూరగాయలు కుళ్ళిపోయాయి. రోజుకూలీపై బ్రతికే వేలమంది పని లేక ఇళ్ళకు తిరిగిపోయారు. ఐస్‌లాండ్ ఎక్కడ ఉన్నదో కూడా వారిలో చాలామందికి తెలిసి ఉండదు.

ఇక మా మిత్రుని దారి మూసిన కొండ ఇథియోపియాలోని అఫార్ ప్రాంతపు హేలీ గుబ్బీ. అది నవంబరు 23న పేలింది. దాని బూడిద ఎర్రసముద్రం దాటి, యెమన్, ఒమన్‌ల మీదుగా అరేబియా సముద్రంపైకి, అటుపై పాకిస్తాన్, ఉత్తర భారతం వరకు వ్యాపించింది. గల్ఫ్‌కూ మన దేశానికీ నడుమ తిరిగే విమానాలు కొన్ని రద్దయ్యాయి. జిద్దాకు వెళ్ళవలసినవి కూడా వాటిలో ఉన్నాయి.

మధ్యాహ్నం మేము ఆయనకు ఫోను చేసి ఈ సంగతులు చెప్పాము. కొంతసేపు మౌనంగా ఉండి, "అయితే ఆపినవాళ్ళు మంచే చేశారు హజ్రత్. కాని నికాహ్ మాట ఏమిటి?" అన్నారు. ఇరుపక్షాల పెద్దలలో కొందరు వాయిదా వేయమన్నారు, కొందరు తండ్రి లేకున్నా కానిమ్మన్నారు. మాట పెరుగుతున్నది. ధర్మశాస్త్రం ఇక్కడ దారి మూయలేదు. తండ్రి తన బదులు మరొకరిని వకీలుగా నియమించవచ్చు. ఇద్దరు సాక్షులు వింటుండగా ఆయన ఫోనులోనే తన తమ్ముణ్ణి వకీలుగా నియమించారు. అమ్మాయి సమ్మతి అడిగినప్పుడు ఆమె ఒక్క మాట అన్నది: "నికాహ్ రేపే కానివ్వండి. రుఖ్సతీ మాత్రం అబ్బా వచ్చాకే." వరుని తల్లి అందుకు సంతోషంగా అంగీకరించింది. గురువారం రాత్రి తండ్రి వచ్చారు. శుక్రవారం జుమా తరువాత బిడ్డను సాగనంపారు.

దారిలో చిక్కుబడినవారి విషయం మన పెద్దలకు కొత్తది కాదు. హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్నె ఉమర్ (రజి) అజర్‌బైజాన్‌లో మంచు దారులు మూసివేయగా ఆరు నెలలు ఆగిపోయి, అన్నాళ్ళూ ప్రయాణికుని వలెనే నమాజును ఖస్ర్ చేసినట్లు ఉల్లేఖనం ఉన్నది. విమానాశ్రయంలో "రేపు వెళతాము, ఎల్లుండి వెళతాము" అంటూ వేచి ఉన్నవారు ఈ సౌలభ్యాన్ని గుర్తుంచుకోవాలి. పదిహేను రోజులు ఉండాలనే సంకల్పం చేయనంత వరకు హనఫీ ఫిఖహ్ ప్రకారం వారు ముసాఫిర్లే. జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలలో బాటసారి ఒకడు. ఇంటి వద్ద కలిగినవాడైనా, దారిలో చేతికి సొమ్ము అందని స్థితిలో ఉంటే అతనికి హక్కు ఉన్నది. 2013లో ఐరోపా న్యాయస్థానం కూడా, అగ్నిపర్వత బూడిద వల్ల విమానాలు ఆగినా ప్రయాణికుల భోజనం, వసతి చూడవలసిన బాధ్యత విమాన సంస్థలదేనని తీర్పు చెప్పింది. వాతావరణం ఎవరి తప్పూ కాకపోవచ్చు. ఆకలితో ఉన్న ప్రయాణికుణ్ణి పట్టించుకోకపోవడం మాత్రం తప్పే.

కనుక పాఠక సోదర సోదరీమణులకు మా మనవి ఇది. నికాహ్, ఉమ్రా, ఉద్యోగంలో చేరిక వంటి ముఖ్యమైన పనులకు ఒకటి రెండు రోజులు ముందుగా బయలుదేరండి. రోజూ వాడే మందులు, పిల్లల పాలపొడి పెద్ద పెట్టెలో పంపక చేతిసంచిలోనే ఉంచుకోండి. విమానం ఆగితే కౌంటరు వద్ద కూర్చున్న ఉద్యోగిపై కేకలు వేయకండి. ఆ నిర్ణయం అతనిది కాదు. టికెట్టు సొమ్ము వాపసు, లేదా వేరే విమానం మర్యాదగా, పట్టుదలగా అడిగి తీసుకోండి. మీ ఊరిలోనో మీ పక్కనో అటువంటి ప్రయాణికుడు చిక్కుబడితే, అతని పేరు, ఊరు అడగక ముందే భోజనం చేశాడో లేదో అడగండి.

దారిలో ఉన్నవారందరినీ అల్లాహ్ క్షేమంగా ఇళ్ళకు చేర్చుగాక! ఆమీన్.