ఎర్ర సిరా

పంతుళ్ల జాతికి ఒక జబ్బు ఉంది. ఏ కాగితం కంటపడినా ముందు అందులో తప్పులు కనిపిస్తాయి. ఆ తరవాతగాని విషయం కనిపించదు. నా సంగతే చెబుతాను. ఎవరైనా శుభలేఖ ఇస్తే ముహూర్తం ఎప్పుడో చూడను, ‘ఆహ్వానం’లో వత్తు సరిగ్గా పడిందో లేదో చూస్తాను. “మీరిలా శుభలేఖలు దిద్దుతూ కూచుంటే ఇహ మనల్ని ఏ పెళ్లికీ పిలవరు” అని మా ఆవిడ బెంగ. ఇన్నేళ్లుగా తెలుగు పాఠం చెబుతున్నవాణ్ణి, ఈ జబ్బుకి మందు లేదనే అనుకున్నాను. ఆ మందు దక్షిణ కొరియాలో, పదమూడేళ్ల అల్లరి మూక దగ్గర ఉందని ఈ మధ్యనే తెలిసింది.

మా చెల్లెలూ, బావగారూ అమెరికాలో స్థిరపడ్డారు. వాళ్లమ్మాయి, అంటే నా మేనకోడలు, అక్కడే పుట్టి అక్కడే చదువుకుంది. డిగ్రీ చేతికి రాగానే, “మామయ్యా, నేను కొరియా వెడుతున్నాను, ఇంగ్లీషు చెప్పడానికి” అంది. మా చెల్లెలు ఫోనులో ఒకటే గోల. “చూడు అన్నయ్యా, నిక్షేపంలాంటి ఉద్యోగాలుండగా ఇదేం బుద్ధి? నీ పోలికే!” అంది. అది తిట్టో మెచ్చుకోలో ఇప్పటికీ నాకు తేలలేదు.

కొరియా ప్రభుత్వం ఇలా పరదేశపు యువతీ యువకుల్ని బడుల్లోకి పిలిపించడం 1995లో మొదలుపెట్టింది. 1997 నుంచి మూడో తరగతి పిల్లలకే ఇంగ్లీషు పాఠం తప్పనిసరి చేసింది. వీళ్లు ఒంటరిగా పాఠం చెప్పరు. పక్కన ఆ దేశపు ఇంగ్లీషు మాస్టరో, మేష్టరమ్మో ఉంటారు. మా అమ్మాయికి దేగూ అనే ఊళ్లో మగపిల్లల మాధ్యమిక పాఠశాల దొరికింది. అక్కడ చదువుల సంవత్సరం మార్చిలో మొదలవుతుంది. 2024 మార్చిలో, ఇంకా చలి వదలని ఒక ఉదయం, వాకిట్లో బూట్లు విప్పి, లోపలి చెప్పులు తొడుక్కుని క్లాసులో అడుగుపెట్టింది.

క్లాసులో దాదాపు ముప్ఫైమంది. పీరియడు 45 నిమిషాలు. “హౌ ఆర్ యూ?” అని అడిగిందిట. ముప్ఫైమందీ ఒకే గొంతుతో, ఒకే రాగంతో “అయామ్ ఫైన్, థాంక్యూ, అండ్ యూ?” అన్నారుట. పొడిదగ్గుతో కళ్లు ఎర్రబడ్డవాడూ అదే అన్నాడు, ఆటలో మోకాలు చెక్కుకుపోయినవాడూ అదే అన్నాడు. మనం చిన్నప్పుడు ‘గుడ్మార్నింగ్ సా...ర్’ అని సాగదీసిన వాళ్లమేగా, నాకు నవ్వు వచ్చింది.

ఆ తరవాత మొదలయ్యాయి ప్రశ్నలు. టీచరు అమెరికా నుంచి వస్తుందంటే బంగారు రంగు జుట్టు ఉంటుందనుకున్నారు కాబోలు. చామనచాయ పిల్ల వచ్చేసరికి తబ్బిబ్బయ్యారు. “టీచర్, ఇండియా? కూర ఎవిరీ డే?” అని ఒకడు. “టీచర్, ఏజ్?” అని ఇంకొకడు. వయస్సు అడగడం అక్కడ మోటుతనం కాదు. ఎదుటివాళ్లు పెద్దో చిన్నో తెలియందే ఏ క్రియకి ఏ మర్యాద చేర్చాలో తేలదు. మీరు, నువ్వు అనే తేడా మనకి ఉన్నట్టే వాళ్లకీ ఉంది. మనకన్నా నాలుగాకులు ఎక్కువే ఉంది.

ఒకరోజు గంట కొట్టేముందు వాళ్లమ్మ ఫోను చేసింది. “అమ్మా, క్లాసుకి వేళయింది, తరవాత మాట్లాడతా” అంది ఈ అమ్మాయి. అంతే, వరండా అంతా గొల్లుమంది. కొరియా భాషలో అమ్మని ‘ఒమ్మా’ అంటారు. మన ‘అమ్మా’ అన్నట్టే వినిపిస్తుంది. నాన్నని ‘అప్పా’ అంటారు. ఇది చుట్టరికమనేందుకు రుజువులేవీ లేవు, కాకతాళీయమే కావచ్చు. కాని ఆ పిల్లలకి మాత్రం ఆ పూట నుంచీ టీచరు సగం తమ మనిషైపోయింది.

వాళ్ల ఇంగ్లీషు సొంపు విన్నకొద్దీ నాకు మన వీధులే గుర్తొచ్చాయి. చాలా ఇంగ్లీషు మాటల చివర వాళ్లు ఒక అచ్చు తగిలించందే ఊరుకోలేరు. బస్ అంటే ‘బొసు’, డెస్క్ అంటే ‘దెసుకు’. మనం బస్సు, డెస్కు, బల్బు అనడంలేదూ? ‘ఫ’కారం వాళ్ల నోట ‘ప’కారమైపోతుంది. పిల్లలు పిడికిళ్లెత్తి “టీచర్, పైతింగ్!” అని కేకలేస్తే ఎవరో కొట్టుకుంటున్నారని కంగారుపడి చూసిందిట. తీరా అది యుద్ధం కాదు, ‘ధైర్యంగా కానీయండి’ అని ప్రోత్సాహం! ఇంగ్లీషువాడికి తెలియని ఇంగ్లీషు. మనవాళ్లు తోడల్లుణ్ణి ‘కో-బ్రదర్’ అన్నట్టే.

ఇంత సందడి చేసేవాళ్లూ, లేచి నిలబడి ఒక ఇంగ్లీషు వాక్యం చెప్పమంటే కిక్కురుమనరు. చెవుల దాకా ఎర్రబడి తల దించేస్తారు. చదవమంటే చదువుతారు, రాయమంటే రాస్తారు; నోరు మాత్రం పెగలదు. ఎందుచేత?

నవంబరులో జరిగే ‘సునుంగ్’ అనే ప్రవేశపరీక్ష చూస్తే తెలుస్తుంది. ఆ దేశంలో పిల్లవాడి బతుకంతా ఆ ఒక్కరోజుమీద ఆనుకుని ఉంటుందని తల్లిదండ్రుల నమ్మకం. ఇంగ్లీషు వినే పరీక్ష జరిగే వేళ 35 నిమిషాలపాటు దేశమంతటా విమానాలు ఎగరవు, దిగవు. చప్పుడుకి ఏ పిల్లవాడి చెవినైనా ఒక మాట తప్పిపోతుందేమోనని! అంతటి ఇంగ్లీషు పరీక్షలో ప్రశ్నలు 45. విని జవాబు గుర్తుపెట్టేవి 17, చదివి గుర్తుపెట్టేవి 28. నోరు విప్పవలసిన ప్రశ్న ఒక్కటీ లేదు. ఇక నోరెందుకు విప్పుతారు? విప్పితే తప్పు పడుతుంది; విప్పకపోతే నష్టం లేదు.

బడి విడిచాక ఈ పిల్లలే ‘హగ్వన్’ అనే ట్యూషను బడులకు పోతారు. సియోల్ నగరంలో అవి రాత్రి పదింటికి మూసెయ్యాలన్న నిబంధన పెడితే, తగవు రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లింది. 2009లో న్యాయస్థానం ఆ నిబంధన సబబేనంది. పదింటికి ట్యూషను మాన్పించడానికి కోర్టు పూనుకోవలసి వచ్చిందంటే చూడండి! మన ఇంటర్మీడియెట్ పిల్లల్ని ఎరిగినవాళ్లు దీనికి ఆశ్చర్యపోరు.

ఆ క్లాసులో మూడో వరసలో ఒక కుర్రాడు. ఆటల వేళ వాడి గొంతే ముందు. ఇంగ్లీషు పీరియడులో మూగనోము. కాగితంమీద మాత్రం ముచ్చటగా రాశాడు. వాడి కాగితం మా అమ్మాయి శ్రద్ధగా దిద్ది, పైన వాడి పేరు రాసి, “చాలా బాగుంది” అని కూడా రాసి ఇచ్చింది. వాడి మొహం పాలిపోయింది. పక్కవాడు తొంగిచూసి గుడ్లు తేలేశాడు. క్లాసంతా గుసగుసలు. సహాధ్యాపకురాలు వచ్చి మెల్లిగా చెప్పింది: తప్పులు ఎర్రసిరాతో దిద్దితే ఫరవాలేదు, బతికున్న మనిషి పేరు ఎర్రసిరాతో రాయకూడదు. చావుకి సంబంధించిన అపశకునం అది.

పిల్ల ఆ రాత్రి నిద్రపోలేదుట. మర్నాడు క్షమాపణ చెప్పుకుందామని నాలుగు కొరియా వాక్యాలు బట్టీపట్టి వెళ్లింది. “నాకు ఇరవై నాలుగేళ్లే, మీ ఆచారాలు ఇంకా నేర్చుకోవాలి” అని చెప్పాలని ఆశ. కొరియాలో అంకెలు రెండు రకాలు. హనా, తుల్, సేత్ అనేవి దేశ్యాలు. ఇల్, ఈ, సామ్ అనేవి చీనా నుంచి వచ్చినవి. మనకి పదకొండూ ఉంది, ఏకాదశీ ఉన్నట్టు. ఏళ్లు చెప్పేటప్పుడు మామూలుగా దేశ్యాలే వాడాలి. ఈవిడ రెండో రకం వాడి “ఇషిప్‌స సల్” అంది. అంటే, “నాకు చతుర్వింశతి ఏళ్లు” అన్నట్టన్నమాట. క్లాసు కూలిపోయేలా నవ్వింది. ఆ నవ్వుల మధ్య మూడో వరస కుర్రాడు లేచాడు.

“టీచర్, నో. సుముల్లే సల్. ఐ టీచ్ యూ” అన్నాడు.

వాడి నోట వచ్చిన మొదటి ఇంగ్లీషు వాక్యం అది.

అక్కడితో వాళ్ల మధ్య ఒడంబడిక కుదిరింది. ప్రతి పీరియడులోనూ ఐదు నిమిషాలు పిల్లలు టీచరుకి కొరియా భాష చెప్పాలి. కాని చెప్పేది ఇంగ్లీషులో చెప్పాలి. ఇహ చూసుకోండి! టీచర్ని దిద్దే అవకాశం ఏ కుర్రాడు వదులుకుంటాడు? చేతులు లేస్తాయి, బల్లలు మోగుతాయి. వంతు ఎవరిదో ‘గావీ బావీ బో’ అని కత్తెర, బండ, గుడ్డ ఆటతో తేల్చుకుంటారు. పక్క క్లాసు మాస్టరు రెండుసార్లు వచ్చి తలుపు తట్టాడుట.

ఒకరోజు టీచరుకి డిక్టేషను పెట్టారు. పదిమాటలు. ఆ కాగితం ఫొటో నాకు పంపింది. ఏడుచోట్ల పెద్ద పెద్ద సున్నాలు! “పోనీలేమ్మా, ఇంకోసారి బాగా రాద్దువుగాని” అని ఓదార్చాను. పకపకా నవ్వింది. అక్కడ సున్నా చుడితే ఒప్పని అర్థంట. నేను ఇన్నాళ్లూ పిల్లలకి ఉత్త సున్నాలే పెట్టాను, ఇది కొత్త సంగతి.

వాళ్ల లిపి మహా సులువుట. సెజోంగ్ అనే రాజు 1443లో దాన్ని కూర్పించి 1446లో ప్రజలకిచ్చాడు. మూలాక్షరాలు 24. హల్లుకి అచ్చు చేర్చి ఒక్కొక్క అక్షరపు ముద్ద కట్టడం మన గుణింతం లాంటిదే. ఆ రాజు పుట్టినరోజు మే 15నే అక్కడ ఉపాధ్యాయ దినోత్సవం. ఒకరోజు మూడో వరసవాడు అడిగాడు: “టీచర్, యువర్ నేమ్, ఇండియా లెటర్స్, ప్లీజ్.”

మా అమ్మాయి సుద్దముక్క పుచ్చుకుంది. చెయ్యి ఆగిపోయింది. తన పేరు తెలుగులో ఎలా రాయాలో తనకి నిశ్చయంగా తెలియదు.

ఆ రాత్రి నాకు ఫోను చేసింది. “మామయ్యా, నా పేరు ఎలా రాస్తారు?” నేను కాగితంమీద రాసి చూపించాను. చూసి కాసేపు మాట్లాడలేదు. తరవాత, “నాకు పన్నెండేళ్లప్పుడు నీకో ఉత్తరం రాశాను, గుర్తుందా?” అంది.

గుర్తుంది. అది 2012. నేను లెక్చరరుగా కుదురుకుంటున్న రోజులు. అమెరికా నుంచి ఒక పసిపిల్ల తనంతట తాను అక్షరాలు కూడబలుక్కుని ఒక పేజీ తెలుగు రాసింది. నేనేం చేశాను? ఎర్రసిరాతో వత్తులన్నీ దిద్ది, లకారాలూ ళకారాలూ సరిచేసి, కింద ‘ఇంకా శ్రద్ధ అవసరం’ అని రాసి, తిరుగు టపాలో పంపాను. ఎంతో ఉపకారం చేశాననుకున్నాను. ఆ తరవాత ఉత్తరం రాలేదు. “అమెరికా పిల్లలు, తెలుగెక్కడ నిలుస్తుంది?” అని నలుగురిలో నిట్టూర్చాను కూడాను. దాన్ని నిలవనివ్వనివాడు అమెరికావాడు కాడు.

“పొరపాటు చేశానమ్మా” అన్నాను.

“నేనూ వాడి పేరు ఎర్రసిరాతో రాశాగా మామయ్యా” అంది.

మొన్న టపాలో కొరియా బిళ్లతో ఒక కవరు వచ్చింది. లోపల ఒకటిన్నర పేజీ తెలుగు. “నా పిలలు బాగా అలరి చేస్తారు. కాని ఇపుడు అందరు మాటాడుతారు” అని ఉంది. ఆ మూడో వరస కుర్రాడు మా ఊరి పేరు అడిగాడని, మామయ్య ఏం పని చేస్తాడని అడిగాడని, తను చెప్పిందని రాసింది.

అలవాటు చొప్పున చెయ్యి ఎర్రకలం దగ్గరికి వెళ్లింది. మా ఆవిడ చూస్తూ నుంచుంది. కలం సొరుగులో పెట్టేశాను. ఆ కుర్రాడి ప్రశ్నలన్నిటికీ జవాబు రాసి, వాడికి ఆశీస్సులు చెప్పి, “నీ పిల్లల అల్లరి ఇంకా రాయి” అని ముగించి, ఆ సాయంత్రమే టపాలో వేశాను.

నల్లసిరాతోనే రాశానని వేరే చెప్పనక్కరలేదు.