దాచినంత మాత్రాన సొంతమవుతుందా?

యుద్ధకాలపు వస్తువులు సేకరించేవాళ్లను ఎవరైనా తప్పుపట్టబోతే చటుక్కున ఒక జవాబు వస్తుంది: ‘మేం దాచబట్టే ఇవాళ ఇవి మిగిలాయి, వీటితోపాటు వీటి కథా మిగిలింది’. ఈ మాట ఎంతగా చెల్లుబాటయిందంటే, కాదన్నవాడికి చరిత్ర మీద గౌరవం లేదన్నట్టే లెక్క. మిగిలింది ఎవరి కథ అని మాత్రం అడిగేవాళ్లు తక్కువ.

రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైనికులు వెంట తీసుకెళ్లిన జెండాల సంగతే చూడండి. తెల్లటి పట్టుగుడ్డో నూలుగుడ్డో, నడుమ ఎర్రటి సూర్యబింబం. ఇంట్లో కుర్రాడికి సైన్యం నుంచి పిలుపు రాగానే అయినవాళ్లు, ఇరుగుపొరుగు, బడిలో చదువు చెప్పినవాళ్లు, తోటి పనివాళ్లు ఆ తెల్లటి జాగాలో నల్లసిరాతో సంతకాలు చేసేవారు. బింబం చుట్టూ కిరణాల్లా పేర్లు. తరచు పైభాగాన యుద్ధంలో అదృష్టం చిరకాలం తోడుండాలని నాలుగు పెద్ద అక్షరాలు. ఒక అంచున ఆ కుర్రాడి పేరు. కొన్నిటి మీద గుడి ముద్ర కూడా కనిపిస్తుంది. ఆ జెండాను మడిచి, ఒంటికి ఆనించుకుని వెళ్లేవాడు.

సైపాన్‌లోనో ఇవో జిమాలోనో అతను చచ్చిపడితే అమెరికన్ సైనికులు జేబులు తడిమి ఆ జెండా తీసుకునేవారు. వాటికి ఎంత గిరాకీ అంటే, నిర్మాణ దళాల్లోని కొందరు తెల్లగుడ్డకు ఎర్రరంగు పూసి నకిలీ జెండాలు తయారుచేసి తోటివాళ్లకే అంటగట్టారు. వస్తువుతోపాటు కథ అమ్ముకోవడం అప్పుడే మొదలైందన్నమాట!

ఇప్పటి అమ్మకాల్లోనూ ధర పలికేది ఆ కథే. ఏ దీవి, ఏ దళం, తెచ్చిన సైనికుడెవరు, అతని చేతిరాత చీటీ ఉందా? రక్తపు మరక ఉంటే దాన్ని లోపంగా కాక విశేషంగా రాసేవాళ్లున్నారు. అంటే, బతికిందంటున్న కథ తీసుకున్నవాడిది. పోగొట్టుకున్నవాడి కథ గుడ్డ మీదే, ఊరివాళ్ల చేతిరాతలోనే ఉంది. కొందరు ఆ పేర్లు చదివిస్తారు, నిజమే. చదివించాక ఆ ఊరికి కబురు పంపితే కదా!

విదేశీ గడ్డ మీద చనిపోయిన జపనీయులు సుమారు 24 లక్షలమంది. వారిలో 11 లక్షలమందికి పైగా అవశేషాలు ఇంకా స్వదేశం చేరలేదు. ఎన్నో ఇళ్లకు అస్థికల పేరుతో వచ్చిన పెట్టెలో ఉన్నది ఒక రాయో, గుప్పెడు ఇసుకో, పేరు రాసిన కాగితమో. అలాంటి ఇంటికి ఈ గుడ్డ యుద్ధ జ్ఞాపిక కాదు. ఆ మనిషిది మిగిలిందల్లా అదే.

‘మేం కాపాడాం’ అనే వాదన మనకు కొత్తదేమీ కాదు. అమరావతి శిల్పాలు బ్రిటిష్ మ్యూజియంలో ఉండటాన్ని సమర్థించేవాళ్లూ ఇదే అంటారు. స్థూపం రాళ్లను ఇళ్లు కట్టడానికి పెకలించుకుపోయిన మాట అబద్ధం కాదు గనక ఆ వాదనలో కొంత పస ఉంది కూడా. కానీ కాపాడినందుకు దక్కాల్సింది కృతజ్ఞత. హక్కు వేరే సంగతి.

ఇంకో అభ్యంతరం దీనికన్నా బరువైనది: ఆ సైన్యం చేసిన ఘోరాలకు ఈ జెండాలు సాక్ష్యాలు కావా? ఆ ఘోరాలను తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. సయాం-బర్మా రైలుమార్గం కోసం మలయా తోటల నుంచి ఆ సైన్యం తరలించుకుపోయిన కూలీల్లో తమిళులతోపాటు మనవాళ్లూ ఉన్నారు, మళ్లీ ఇల్లు చేరనివాళ్లూ ఉన్నారు. ఆ నేరాలకు సాక్ష్యం సైనిక దస్త్రాల్లో ఉంది, బతికి బయటపడ్డవాళ్ల నోట ఉంది. ఊరివాళ్లు క్షేమం కోరి చేసిన సంతకాల్లో లేదు. జెండా ఇంటికి పంపడమంటే సైన్యాన్ని క్షమించడమని ఎవరన్నారు?

పంపడం సాధ్యమేనని ఇప్పటికే తేలింది. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రం కేంద్రంగా 2009 నుంచి పనిచేస్తున్న ఓబోన్ సొసైటీ, జెండాల మీది పేర్లు చదివించి, కుటుంబాల ఆచూకీ తీసి, వందల జెండాలను వారికి చేర్చింది. టెక్సస్‌లో లెక్సింగ్టన్ యుద్ధనౌక మీది మ్యూజియం ఏళ్ల తరబడి ప్రదర్శించిన జెండాను 2023లో, సైపాన్‌లో చనిపోయిన సైనికుడి కొడుక్కి ఇచ్చేశారు. అప్పటికి ఆయనకు ఎనభై దాటాయి. ఆ తరం ఇంకెంతకాలం ఉంటుంది? అందుకే వేలం సంస్థలు చదవదగ్గ పేరున్న జెండాను, ఆ ఇంటివాళ్ల కోసం వెతకనిదే అమ్మకానికి పెట్టకూడదు. సేకర్తకు కావలసింది నిజంగా చరిత్రే అయితే, జెండాను ఫొటో తీసుకుని, దాన్ని తెచ్చిన సైనికుడి చీటీ తన దగ్గరే ఉంచుకోవచ్చు.