గంట మోగినా చెదరని ధ్యాస

పరీక్షలు దగ్గర పడుతున్నాయి. పుస్తకం తెరవగానే ఏదో ఒక చప్పుడు. సూర్యాపేట, కోదాడల్లో విజయవాడ హైవే మీది హారన్లు, మిర్యాలగూడలో రైసు మిల్లుల హోరు. ఇంట్లో టీవీ, చేతిలో సెల్‌ఫోను సరేసరి. ‘ఇంత గోలలో ఏకాగ్రత ఎలా కుదురుతుంది?’ అని పిల్లల ఫిర్యాదు.

జవాబు మన అష్టావధానంలోనే ఉంది. వందేళ్ల కిందట తిరుపతి వేంకట కవులు ఊరూరా చేసి చూపిన విద్య ఇది. అవధాని చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు. ఒకరు సమస్య ఇస్తారు. ఇంకొకరు నిషిద్ధాక్షరితో అక్షరం అక్షరానికీ అడ్డుపడతారు. కొన్ని సభల్లో మధ్యమధ్య మోగే గంటలనూ లెక్కపెట్టుకోవాలి. ఇక అప్రస్తుత ప్రసంగం చేసేవారి పనే ధ్యాస మళ్లించడం. అవధాని నవ్వుతూ బదులిచ్చి, ఆగిన పాదం దగ్గరికే తిరిగొస్తారు. చివర్లో ధారణ... పద్యాలన్నీ కాగితం చూడకుండా అప్పజెబుతారు.

ఏకాగ్రత అంటే అంతరాయం లేకపోవడం కాదు, వదిలిన చోటికి తిరిగి రాగలగడం. చదువు మధ్యలో ఎవరైనా పిలిస్తే, ఆగిన లైను పక్కన పెన్సిల్‌తో గుర్తు పెట్టి లేవమనండి. రాత్రి పుస్తకం మూసి, చదివింది సొంత మాటల్లో చెప్పించుకోండి. సెల్‌ఫోను మాత్రం పక్క గదిలో ఉండాల్సిందే. అవధానికైనా అప్రస్తుత ప్రసంగి ఒక్కరే మరి!