సగటు వానతో సీమని కొలవకండి

అనంతపురం పేరెత్తగానే మన ఐటీ మిత్రులు అనే మాట ఒకటుంది: "అక్కడ వానలే పడవు, ఎవరేం చేస్తారు?" సరే, లెక్కే చూద్దాం. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. లండన్‌ది సుమారు 600. పెద్ద తేడా లేదు. మరి లండన్‌ని ఎవరూ కరువు ప్రాంతం అనరేం?

అక్కడ వాన ఏడాది పొడుగునా సన్నగా పడుతుంది, ఎండా తక్కువే. అనంతపురంలో చాలావరకు జూన్-అక్టోబరు మధ్యే, అదీ కొద్ది రోజుల్లోనే. నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే బరువు దించుకుని వస్తాయి. ఈశాన్య వాన కోస్తా దాటి ఇంత లోపలికి వచ్చేసరికి నీరసిస్తుంది. ఎండ చూస్తే, కురిసినదానికి రెండింతలకు పైగా ఆవిరి చేసెయ్యగలదు. నేలలేమో పలుచని ఎర్రనేలలు, తడి ఎక్కువ రోజులు నిలవదు.

సర్వర్ కూలిపోతే "సగటు లోడ్ 40 శాతమే కదా" అని ఎవరైనా అంటే మనం ఒప్పుకుంటామా? వేరుశనగ రైతుదీ అదే బాధ. జూన్, జులైలో విత్తుతాడు. ఊడలు దిగే వేళకి వారాల తరబడి చినుకు ఉండదు. సెప్టెంబర్లో కుండపోత. ఏడాది చివర పట్టికలో "సాధారణ వర్షపాతం" అని పడుతుంది, ఇంట్లోకి మాత్రం పంట రాదు. కేంద్రం 2016లో తెచ్చిన కరువు మాన్యువల్ వానకీ వానకీ మధ్య వచ్చే ఎడాన్ని కూడా లెక్కలోకి తీసుకుంది. మన మాటల్లో మాత్రం ఇంకా సగటే.

పాతవాళ్ళకి ఈ సంగతి తెలుసు, చెరువులు తవ్వించింది అందుకే. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది. మంచి చెరువుకి ఉండాల్సిన 12 అంగాలూ, ఉండకూడని 6 దోషాలూ అందులో చెక్కించారు. అచ్చంగా డిజైన్ డాక్యుమెంటే! మనం చెరువులు వదిలేసి బోర్ల మీద పడ్డాం. అడుగున గట్టి రాయి, నీళ్ళుండేది పగుళ్ళలోనే. ఒకరు లోతుగా వేస్తే పక్కవాడిది ఎండుతుంది.

హంద్రీ-నీవా ద్వారా కృష్ణ నీళ్ళు రావలసిందే, అందులో రెండో మాట లేదు. కానీ శ్రీశైలం నుంచి ఎత్తిపోసిన నీళ్ళు ప్రతి చేనుకీ చేరవు. నాలుగు రోజుల వానని నాలుగు నెలలు దాచుకునే ఏర్పాటు ఊళ్ళోనే ఉండాలి. సొంతూరికి ఏదో చెయ్యాలని చందాలు వేసుకునే బెంగళూరు, అమెరికా మిత్రులారా, ఊరి మొదట్లో ఆర్చీ కట్టించే ముందు ఒక్క మాట అడగండి: మన చెరువుకి నీళ్ళు తెచ్చే వంక తెరిచి ఉందా, ఎవరైనా పూడ్చేశారా?